డ్రైవర్ చేతికిస్తే త్వరగా చేరుతుందా? బస్సు పార్సిల్‌పై అపోహలు - వాస్తవాలు

"ఈ బుకింగులన్నీ ఎందుకండీ, డ్రైవర్‌కి ఓ యాభై ఇస్తే తీసుకెళ్లడా?" నల్గొండలో మా ఆర్టీసీ పార్సిల్ కౌంటర్ దగ్గర రోజూ వినే మాట ఇది. ఎక్కువమందిని ముంచుతున్న అపోహ కూడా ఇదే.

బుక్ చేసిన పార్సిల్ కూడా ఆ బస్సులోనే వెళ్తుంది, అదే టైముకి బయల్దేరుతుంది. చేతికిస్తే త్వరగా వెళ్లేదేమీ లేదు. బుక్ చేస్తే రసీదు ఉంటుంది. దాని మీదుండే ఎల్ఆర్ నంబర్ (పార్సిల్ గుర్తింపు నంబర్) చెబితే ఏ బస్సెక్కింది, ఎక్కడ దిగింది చూసి చెప్తాం. పోతే అడిగే హక్కు మీకుంటుంది. చేతికిచ్చిన సంచి ఏ లెక్కలోనూ ఉండదు. తనిఖీలో దొరికితే ఆ డ్రైవర్ ఉద్యోగానికీ ముప్పే.

కిందటేడు ఒకామె కూతురి ఇంటర్ మెమో, టీసీ ఒరిజినల్స్ ఇలాగే ఒక బస్సులో పంపారు. అమ్మాయి హైదరాబాద్ ఎల్బీనగర్‌లో రోడ్డు దాటేలోపే బస్సు వెళ్లిపోయింది. డ్రైవర్ ఫోన్ నంబర్ తీసుకోలేదు, బస్సు నంబర్ గుర్తులేదు. తెల్లారితే కౌన్సెలింగ్. ఆ తల్లి టెన్షన్ చూడలేకపోయాం. అక్కడి ఎంజీబీఎస్ బస్టాండ్‌లో తెలిసినవాళ్లకు ఫోన్లు చేసి వెతికిస్తే సాయంత్రానికి దొరికాయి. "చవకని ఎవరో చెప్పారు బాబూ" అన్నారు. ఆమెననేదేముంది, పిల్ల చదువు కోసం తిప్పలు పడుతోంది. తెలిసీ తెలియని సలహాలిచ్చేవాళ్లను చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది.

బస్సు దిగగానే పార్సిల్ ఇంటికొస్తుందనుకోవద్దు. మామూలుగా కౌంటర్‌కొచ్చి తీసుకోవాలి. హైదరాబాద్‌లో 2024 అక్టోబర్‌లో హోం డెలివరీ మొదలైంది, దానికి ఛార్జీ వేరు. మీ ఏరియాకి ఉందో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి. డైరెక్ట్ బస్సు లేని ఊరికైతే మధ్యలో బస్సు మారాలి, ఆ మేరకు ఆలస్యం తప్పదు.

కరోనాతో ఈ సర్వీసు ఆగిపోయిందన్నది ఉత్త పుకారు. తెలంగాణ ఆర్టీసీ కార్గో మొదలైందే 2020 జూన్‌లో. తర్వాత లాజిస్టిక్స్ అని పేరు మారింది, అంతే.

సరుకు విలువ తగ్గించి రాయించకండి. రేపు పోతే మీరు రాయించిన విలువే ఆధారం. పెట్రోలు, టపాసులు, గ్యాస్ సిలిండర్ తీసుకోం, బతిమాలొద్దు. "అడ్రస్ తప్పుంది, ఐదు రూపాయలు కట్టండి" అని లింకు వస్తే ముట్టుకోకండి, రసీదు మీదున్న నంబర్‌కి ఫోన్ చేయండి. పంపేవాళ్ల, తీసుకునేవాళ్ల ఫోన్ నంబర్లు రెండూ పార్సిల్ మీద చెరగని మార్కర్‌తో రాయండి. పచ్చడి డబ్బా అయితే నూనె కారి అక్షరాలు పోతాయి కాబట్టి లోపల కూడా ఒక చీటీ పెట్టండి.