గేమింగ్ కంప్యూటర్ కొనేముందు ఒక మాట

చిన్నూ, హారికా,

మీరిద్దరూ కలిసి రాసి పంపిన లిస్టు చూశాను. సగం డబ్బు గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారు. ఫరవాలేదు, గేములాడే మెషీన్‌లో ఖర్చంతా అక్కడే. కానీ మానిటర్‌ని చిట్టచివర రాశారు. మెషీన్‌కంతటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పక్కన "ఏదో ఒకటి" అని పెట్టారు. నాకు టెన్షన్ పుట్టించింది ఆ రెండే.

ముందు మానిటర్ తేల్చుకోండి. 1080పీ తెర మీద సుమారు 20.7 లక్షల చుక్కలుంటాయి. 1440పీలో 36.9 లక్షలు, 4కేలో దాదాపు 83 లక్షలు. తెర మీద మారే ప్రతి బొమ్మకూ, అంటే ప్రతి ఫ్రేముకూ, ఇన్ని చుక్కల రంగులూ తయారు కావాలి. 60 హెర్ట్జ్ తెరకైతే, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చేదానికైతే, ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్ల టైముంటుంది, 144 హెర్ట్జ్ తెరకు ఏడు కూడా ఉండదు. కాబట్టి ఎంత కార్డు కావాలో తెరను బట్టే తేలుతుంది. మీ ఇంట్లో ఉన్న పాత 60 హెర్ట్జ్ మానిటర్‌నే ఉంచుకుంటే, కార్డు సెకనుకు 150 ఫ్రేములు తయారు చేసినా మీకు కనిపించేవి 60 మాత్రమే.

చిన్నూ, నువ్వెక్కువగా ఆడే వాలరెంట్‌లో బొమ్మలు తేలిక. అక్కడ ఫ్రేములు పెరగాలంటే ప్రాసెసర్ చురుగ్గా ఉండాలి. హారిక ఆడాలనుకుంటున్న సైబర్‌పంక్ 2077 మాత్రం కార్డును పిండేస్తుంది. మీ ఫ్రెండ్స్ మెషీన్ దొరికితే రిజల్యూషన్ (తెర మీది చుక్కల లెక్క) తగ్గించి చూడండి. ఫ్రేములు పెరిగితే భారం కార్డు మీద ఉన్నట్టు, పెరగకపోతే ప్రాసెసర్ దగ్గర ఆగుతున్నట్టు.

మీరనుకున్న రైజన్ 5 7600 ప్రాసెసర్ మంచిదే. బోర్డు మీద అది కూర్చునే ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది, తర్వాత వచ్చిన 9000 సిరీస్ కూడా అందులోనే పడుతుంది. రేపు మార్చాలన్నా బోర్డు మార్చక్కర్లేదు. కానీ ర్యామ్ డీడీఆర్4 అని రాశారు. ఏఎం5 బోర్డుల్లో అది పట్టదు, గాడే వేరే చోట ఉంటుంది. డీడీఆర్5 తీసుకోండి. 32 జీబీ స్టిక్ ఒకటి కొనేకంటే 16 జీబీవి రెండు నయం. బోర్డులో నాలుగు స్లాట్లుంటే చాలావాటిలో ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. బయోస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లో, ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌పో ఆన్ చేయడం మర్చిపోకండి, లేకపోతే డబ్బా మీద రాసిన వేగం రాదు.

ఇక ఎస్‌ఎంపీఎస్. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు తినేది 115 వాట్లు, ఈ ప్రాసెసర్ గట్టిగా పనిచేసినప్పుడు 88. మిగతావన్నీ కలిపినా 300 దాటదు. 550 వాట్ల మంచిది పుష్కలంగా సరిపోతుంది. డబ్బా మీది పెద్ద అంకె చూసి నమ్మకండి, పక్కనున్న స్టిక్కర్ చదవండి. కార్డూ ప్రాసెసరూ కరెంటు తీసుకునేది 12 వోల్టుల లైను నుంచే. దాని కింద 45 ఆంపియర్లని ఉంటే 540 వాట్లు. "500 వాట్లు" అని పెద్దక్షరాల్లో వేసి, స్టిక్కర్ మీద 18 ఆంపియర్లే రాసినవీ ఉంటాయి. అంటే ఆ లైనుకు దక్కేది 216 వాట్లే. 80 ప్లస్ ముద్ర కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుంది, అంతవరకే. వోల్టేజీ తేడా వస్తే, షార్ట్ అయితే తనంతట తాను ఆగిపోయే రక్షణలు ఉన్నాయా, వారంటీ ఎన్నేళ్లు అన్నవి విడిగా అడగాలి. క్యాబినెట్‌తో ఫ్రీగా ఇచ్చేది వద్దనండి. అది పోతే పోయింది అనుకోవడానికి లేదు, పోతూ పోతూ కార్డునీ బోర్డునీ కూడా తీసుకుపోవచ్చు.

మీ ఇల్లు పాతది. క్యాబినెట్ ఇనుము తగిలినప్పుడు చెయ్యి జివ్వుమంటే ఎర్తింగ్ సరిగ్గా లేనట్టే. మెషీన్ రాకముందే నాన్నతో చెప్పి ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. క్యాబినెట్ ముందు వైపు జాలీ ఉన్నది చూడండి. విజయవాడ మే నెలలో గాలి ఆడని అద్దాల పెట్టె పెడితే ఫ్యాన్లు హోరెత్తిపోతాయి.

సెలవులకు వస్తున్నారుగా, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి కలిసి వెళ్దాం. అక్కడ "అది స్టాక్ లేదు, ఇదీ అలాంటిదే" అంటే వెంటనే తలూపకండి, పూర్తి మోడల్ నంబరు అడగండి. బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకుందాం. ఈలోగా మానిటర్ ఏదో ఇద్దరూ తేల్చుకుని, లిస్టు మళ్లీ రాసి పంపండి.

మీ పెదనాన్న