వెన్నులో సూది, గుండెలో దడ

ఊపిరితిత్తి ఆపరేషన్ అయిన రెండో రోజుకి మనిషి లేచి కూర్చుంటాడు, నాలుగు గుక్కలు జావ తాగుతాడు, ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు. సరిగ్గా ఆ రాత్రో మర్నాడో, మంచం పక్కన మానిటర్‌లో 80 దగ్గర కుదురుగా ఉన్న అంకె ఒక్కసారిగా 140కి ఎగబాకుతుంది. చూస్తుండగానే 118, అంతలో 151. ఈసీజీ తీస్తే ప్రతి పెద్ద గీతకీ ముందు ఉండాల్సిన చిన్న బుడిపె మాయమై, ఆ చోట సన్నని వణుకు కనిపిస్తుంది. "కోసింది ఊపిరితిత్తిని కదండీ, గుండెకేమొచ్చింది?" అని తోడున్నవాళ్లు అడుగుతారు. డాక్టర్లు కూడా దశాబ్దాలుగా అడుగుతున్న ప్రశ్నే అది.

దీని పేరు ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పై గదులైన కర్ణికలు ముడుచుకుని తెరుచుకునే పని మానేసి, నిమిషానికి 300 సార్లకు పైగా వణుకుతుంటాయి. ఆ సంకేతాల్లో కొన్నే కింది గదులకు చేరతాయి, అదీ తాళం తప్పి. ఊపిరితిత్తిలో ఒక తమ్మె (లోబ్, అంటే ఒక భాగం) తీయించుకున్నవారిలో నూటికి 10 నుంచి 20 మందికి ఇది వస్తుందని చాలా అధ్యయనాల లెక్క. ఒకవైపు ఊపిరితిత్తి మొత్తం తీసేస్తే ఇంకా ఎక్కువ. వయసు పైబడ్డవాళ్లకి, మగవాళ్లకి ముప్పు ఎక్కువ. చాలామందికి కొద్ది రోజుల్లోనో వారాల్లోనో సర్దుకుంటుంది. కాకపోతే వణికే గదిలో రక్తం నిలవుండి గడ్డకట్టొచ్చు; ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం.

ఈ దడని ఎపిడ్యూరల్, అంటే నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మత్తు సూది, ఆపగలదా అన్నదే ఇక్కడి ప్రశ్న. ముందు ఆ సూది సంగతి. మన దగ్గర ఈ మాట వింటే కాన్పులే గుర్తొస్తాయి. "ఆ వెన్ను సూది పడ్డప్పట్నుంచే నాకీ నడుం నొప్పి" అనే పెద్దావిడ లేని ఇల్లు తక్కువ. ఆ పాపం సూదిదో కాదో వేరే కథ. ఛాతీ ఆపరేషన్‌కి ఈ సూది నడుం దగ్గర కాకుండా పైన, రెక్కల ఎముకల నడుమ దిగుతుంది. మత్తు డాక్టర్ సూదికి సెలైన్ నింపిన సిరంజి తగిలించి, బొటనవేలితో నొక్కి పట్టుకుని మిల్లీమీటరు చొప్పున ముందుకు పోతాడు. వెన్నుపూసల్ని కలిపే గట్టి పట్టీలో ఉన్నంతసేపూ సిరంజి మొరాయిస్తుంది. అది దాటగానే వేలి కింద అడ్డు తొలగిపోయి సెలైన్ జర్రున జారిపోతుంది. అక్కడే ఆగాలి, ఇంకాస్త పోతే వెన్నుపామును చుట్టిన పొర. ఆ ఖాళీలోకి దారం లాంటి గొట్టం పంపి, సూది తీసేసి, గొట్టాన్ని వీపు మీద ప్లాస్టరుతో అంటిస్తారు. ఇక రెండు మూడు రోజులు మందు కొద్దికొద్దిగా ఎక్కుతూ ఉంటుంది. వెన్నులోని ఆ ఖాళీలోకి మత్తు మందు ఎక్కించి ఆపరేషన్లు చేయొచ్చని 1921లోనే రాసినవాడు స్పెయిన్ సైనిక వైద్యుడు ఫిదేల్ పాహెస్. రెండేళ్లకే కారు ప్రమాదంలో పోయాడు.

ఇంత శ్రమ ఎందుకంటే, పక్కటెముకల మధ్య గాయానికి విశ్రాంతి ఉండదు. కాలు విరిగితే కట్టు కట్టి కదపకుండా ఉంచొచ్చు. ఛాతీ మాత్రం రోజుకి ఇంచుమించు 20,000 సార్లు కదలాల్సిందే. నొప్పికి భయపడి మనిషి పైపైన ఊపిరి తీస్తాడు, దగ్గు బిగబడతాడు, లోపల కఫం పేరుకుని న్యుమోనియాకి దారి తీస్తుంది.

మరి ఈ సూదికీ గుండెకీ లంకె ఏమిటి? గుండెపోటులో ఎడమ చెయ్యి లాగుతుందని అందరికీ తెలుసు. గుండె నొప్పిని మోసే నాడులు వెన్నుపాములోకి ప్రవేశించేది ఛాతీ భాగంలోని పై నాలుగైదు మెట్ల దగ్గర. చెయ్యి లోపలి వైపు నుంచి వచ్చే నాడి కూడా ఆ చుట్టుపక్కలే చేరుతుంది. మెదడు పొరబడుతుంది. గుండెను పరుగెత్తించే సింపథెటిక్ నాడులు బయల్దేరేదీ ఆ మెట్ల నుంచే. ఛాతీ గాయం కోసం ఎక్కించిన మత్తు మందు అంతదాకా పాకితే ఒక్క దెబ్బకి రెండు పిట్టలు: నొప్పీ పోతుంది, గుండెకు పడే కొరడా దెబ్బలూ ఆగుతాయి.

2001లో జపాన్ వైద్యులు దీన్ని తెలివిగా పరీక్షించారు. రోగులందరికీ ఎపిడ్యూరల్ గొట్టమే, కాని సగం మందికి నాడుల్ని మొద్దుబార్చే బుపివకైన్, మిగతావారికి మార్ఫిన్. మార్ఫిన్ నొప్పిని తగ్గిస్తుంది తప్ప సింపథెటిక్ నాడుల్ని ఆపదు. బుపివకైన్ తీసుకున్నవారిలో దడలు తక్కువ వచ్చాయి. అంటే గుండెను కుదుటపరిచింది నొప్పి తగ్గడం కాదు, నాడుల్ని మూసేయడమే అనిపించింది. నాకు చాలా నచ్చిన ప్రయోగమిది. చిన్నది, అంతే.

తర్వాత 2015లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు తమ పాత రికార్డులు తిరగేసి, ఊపిరితిత్తి తీయించుకున్న ఎంతోమందిని పోల్చి చూశారు. ఎపిడ్యూరల్ ఉన్నవారికీ లేనివారికీ దడ విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రికార్డుల లెక్కలో లొసుగులుంటాయి, ఎవరికి గొట్టం పెట్టాలో చీటీ తీసి నిర్ణయించలేదు కదా. అయినా ఈ జవాబే వాస్తవానికి దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది.

కారణం పదో తరగతి జీవశాస్త్రంలో ఉంది. మంచి రక్తం మోసే సిర ఏది అని బిట్ పేపర్లో అడిగేవారు, పుపుస సిర అని రాసి వచ్చేవాళ్లం. ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికలోకి దిగే ఆ సిరల గోడల్లో గుండె కండరమే చొక్కా చేతుల్లా కొంత దూరం తొడిగి ఉంటుంది. ఫిబ్రిలేషన్‌ను రగిలించే నిప్పురవ్వలు ఎక్కువగా అక్కడే పుడతాయని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో మిషెల్ హైసగేర్ బృందం 45 మంది రోగుల్లో చూపించింది. తమ్మె తీసేటప్పుడు సర్జన్ కోసి స్టేపుల్ చేసేది ఆ సిరనే. దానికి తోడు గుండె చుట్టూ వాపు, లింఫ్ గ్రంథులు తీసేటప్పుడు దెబ్బతినే, గుండెకు వెళ్లే వేగస్ నాడి కొమ్మలు, తగ్గిన ఊపిరితిత్తిలోకి అదే రక్తాన్ని నెట్టాల్సిన కుడి గుండె. దడకి ఇన్ని దారులుంటే, సూది మూయగలిగేది సింపథెటిక్ నాడుల దారినొక్కదాన్నే. పోనీ వాపునైనా అణచి చూద్దామని 14 దేశాల్లో 3,209 మంది మీద గౌట్ అనే కీళ్ల జబ్బుకు వాడే మందు కొల్చిసిన్‌ని పరీక్షించారు. 2023లో ఫలితం వచ్చింది: దడ వచ్చింది మందు తీసుకున్నవారిలో 6.4 శాతానికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 7.5 శాతానికి. మందు పనిచేసిందనడానికి ఆ తేడా చాలలేదు.

ఇప్పుడు చిన్న రంధ్రాల నుంచి కెమెరాతో చేసే ఆపరేషన్లు పెరిగాయి, వెన్ను పక్కన ఒకవైపే మత్తిచ్చే పద్ధతులూ వచ్చాయి, ఎపిడ్యూరల్ వాడకం తగ్గుతోంది. ఛాతీ తెరిచి చేసేచోట అది ఇంకా గట్టి సాయమే, అయితే రోగి హాయిగా దగ్గగలిగేందుకు. దడ ఆపుతుందని పెట్టించుకునేది కాదు. పైగా దడ వచ్చాక ఒక చిక్కుంది. గడ్డ కట్టకుండా రక్తం పలచబరిచే మందు పూర్తి మోతాదులో మొదలుపెట్టాలంటే వీపులో గొట్టం ఉండగా కుదరదు; తీసేటప్పుడు లోపల రక్తం చిమ్మితే వెన్నుపాము నలిగిపోవచ్చు. ముందే మందు పడి ఉంటే, దాన్నిబట్టి 12 గంటలో 24 గంటలో ఆగి గొట్టం లాగాలి. అందుకే ఆ రాత్రి మానిటర్ మోగగానే మత్తు డాక్టర్ కేస్ షీట్‌లో ముందుగా వెతికేది రక్తం పలచబరిచే హెపారిన్ సూది ఎన్నింటికి ఇచ్చారనే.