అమెరికా ప్రైమరీలు: ఓటు నుంచి డెలిగేటు దాకా అపోహలు - వాస్తవాలు

అపోహ: ప్రైమరీ ప్రభుత్వ ఎన్నిక, అందులో గెలిచినవాళ్లదే టికెట్.

వాస్తవం: ప్రైమరీ అంటే అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చడానికి ఒక్కో రాష్ట్రంలో జరిగే పోలింగ్. దాన్నిబట్టి అభ్యర్థులకు డెలిగేట్లు, అంటే పార్టీ మహాసభలో వాళ్లకు ఓటేసే ప్రతినిధులు దక్కుతారు. బ్యాలట్ ప్రభుత్వం ముద్రించినా, ఆ ఫలితానికి విలువ ఇవ్వాలా వద్దా అన్నది పార్టీ ఇష్టం. 2024లో నెవాడాలో ఏం జరిగిందో చూడండి. ఫిబ్రవరి 6న రాష్ట్రం నడిపిన రిపబ్లికన్ ప్రైమరీలో నిక్కీ హేలీ ‘వీరిలో ఎవరూ కాదు’ అన్న గడి కంటే వెనకబడ్డారు. అది మన నోటా లాంటిదే. పోనీ ఆమె గెలిచినా ఒక్క డెలిగేటు వచ్చేది కాదు. రెండు రోజుల తర్వాత పార్టీ సొంతంగా పెట్టుకున్న కాకస్‌కే (పార్టీ ఓటర్ల సమావేశాల్లో జరిగే ఎంపిక) 26 మంది డెలిగేట్లనూ కేటాయించింది, అందరూ ట్రంప్‌కే వెళ్లారు.

అపోహ: ఎన్ని శాతం ఓట్లో అన్ని శాతం డెలిగేట్లు.

వాస్తవం: రిపబ్లికన్లలో ఏ రాష్ట్రం లెక్క దానిదే. 2024లో కాలిఫోర్నియాలో 50 శాతం దాటినవారికి మొత్తం 169 మందీ. డెమొక్రాట్లది దామాషా పద్ధతే కానీ, 15 శాతం రాకపోతే సున్నా. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. 5 డెలిగేట్లున్న జిల్లాలో నలుగురికి 48, 30, 14, 8 శాతం వచ్చాయనుకోండి. చివరి ఇద్దరి 22 శాతం గాల్లో కలిసిపోతుంది. మిగిలిన 78ని వంద చేసి పంచితే మొదటి ఇద్దరికీ 3, 2 డెలిగేట్లు.

ఇదే జిల్లాలో ఓటరు తన ఇష్టాలను 1, 2, 3 అని వరుసగా రాస్తే? నాలుగో వ్యక్తి తప్పుకుని, ఆ 8 శాతం 3, 3, 2గా పైముగ్గురికీ చేరితే 51, 33, 16 అవుతాయి. మూడో అభ్యర్థి 15 శాతం గీత దాటాడు! డెలిగేట్లు 2, 2, 1. డెమొక్రాట్లు 2020లో అలాస్కా, హవాయి, కాన్సాస్, వయోమింగ్‌లలో ఈ పద్ధతి వాడారు. ముందస్తుగా ఓటేశాక అభ్యర్థి తప్పుకున్నా ఆ ఓటు వృథా కాదు, తర్వాతి ఇష్టానికి వెళ్తుంది. అదే ఏడాది చాలా రాష్ట్రాల్లో జరిగిన మార్చి 3 పోలింగ్‌కు రెండు రోజుల ముందు బుటిజెజ్, ముందురోజు క్లోబచార్ అనే డెమొక్రాట్ అభ్యర్థులు తప్పుకున్నారు. మిగతాచోట్ల వాళ్లకు అప్పటికే పడిన ఓట్లకు రెండో దారి లేకపోయింది.

అపోహ: సూపర్ డెలిగేట్లు ఫలితాన్ని తారుమారు చేస్తారు.

వాస్తవం: వీళ్లు ప్రైమరీ ఫలితానికి కట్టుబడనక్కర్లేని డెమొక్రాట్ నేతలు. 2018 సవరణ తర్వాత, పోటీ ఉంటే మహాసభ మొదటి రౌండు ఓటింగ్‌లో వాళ్లకు ఓటు లేదు.

అపోహ: ప్రైమరీలు ముగిశాక అభ్యర్థి మారరు.

వాస్తవం: డెమొక్రాట్ ప్రైమరీల్లో గెలిచిన బైడెన్ 2024 జులై 21న తప్పుకున్నారు. ఆయన బదులు పోటీలోకి రావడానికి కనీసం 300 మంది డెలిగేట్ల సంతకాలు కావాల్సి వచ్చింది, ఒక రాష్ట్రం నుంచి 50కి మించకూడదన్నారు. ఆ గడప దాటింది కమలా హారిస్ ఒక్కరే. మహాసభకు ముందే, ఆగస్టు 5కల్లా ఆన్‌లైన్ ఓటింగ్ ముగిసింది.

అపోహ: ఒక్కో రాష్ట్రం ఒక్కో రోజు కాకుండా, దేశమంతా ఒకేరోజు ప్రైమరీ పెడితే సమస్య తీరుతుంది.

వాస్తవం: అన్ని రాష్ట్రాల్లో ఒకేసారి టీవీ ప్రకటనలు కొనగలిగేది డబ్బున్నవాళ్లే. చిన్న అభ్యర్థి ఒక రాష్ట్రంలో నెగ్గి, ఆ ఊపుతో చందాలు తెచ్చుకునే దారి మూసుకుపోతుంది.

అపోహ: పౌరసత్వం వచ్చింది, ఓటరుగా నమోదయ్యాం, ఇక ప్రైమరీలో ఓటేయొచ్చు.

వాస్తవం: టెక్సస్‌లో ఉండే తెలుగువాళ్లకు ఇది నిజమే. అక్కడ పార్టీ నమోదు లేదు, బూత్‌లో ఏ పార్టీ బ్యాలట్ కావాలో అడిగితే చాలు. న్యూయార్క్, పెన్సిల్వేనియాల్లో మాత్రం ఓటరు నమోదులో ఆ పార్టీ పేరు గడువులోగా ఉండాలి. ‘ఏ పార్టీ వద్దు’ అని టిక్ పెట్టినవాళ్లకు పార్టీ ప్రైమరీ బ్యాలట్ ఇవ్వరు.