థైరాయిడ్ టెస్ట్ గురించి ల్యాబ్‌లో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నేను బయోకెమిస్ట్రీ డాక్టర్ని, ల్యాబ్‌లో రోజూ థైరాయిడ్ రిపోర్టుల మీద సంతకం పెట్టేది నేనే. రిపోర్ట్ చేతికి రాగానే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పని చేయమని పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్, థైరాయిడ్ మందగిస్తే ఇది పెరుగుతుంది) పక్కన ఎర్ర అక్షరాలు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళని చూశాను, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: పరగడుపునే రావాలి.
థైరాయిడ్ ఒక్కటే అయితే అక్కర్లేదండి, ఇడ్లీ తినేసి వచ్చినా పర్లేదు. చూసుకోవాల్సింది టైమ్. టీఎస్‌హెచ్ రాత్రిపూట పెరుగుతుంది, మధ్యాహ్నానికి తగ్గుతుంది, పోయినసారి పొద్దున ఏడింటికి ఇచ్చి ఈసారి సాయంత్రం నాలుగింటికి ఇస్తే ఆ రెండు నంబర్లని పక్కపక్కన పెట్టి పోల్చడం కరెక్ట్ కాదు. థైరాయిడ్ ట్యాబ్లెట్ (టీ4 అనే థైరాయిడ్ హార్మోన్‌నే ఇచ్చే మాత్ర) వాడేవాళ్ళు ఆ రోజు బ్లడ్ ఇచ్చాకే వేసుకోండి, ముందే వేసుకుంటే కొన్ని గంటలపాటు ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే టీ4) ఎక్కువ చూపిస్తుంది.

అపోహ: మెషీన్ చెప్పిందంటే తిరుగులేదు.
దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఒకావిడ వచ్చారు, టీఎస్‌హెచ్ బాగా తక్కువ, ఫ్రీ టీ4 ఎక్కువ, కాగితం చూస్తే అచ్చం హైపర్ థైరాయిడే, అంటే థైరాయిడ్ అతిగా పనిచేయడం. కానీ మనిషికి గుండె దడ లేదు, చేతులు వణకట్లేదు, బరువూ తగ్గలేదు. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా అమ్మా" అంటే "మందులేం లేవండీ, జుట్టు రాలుతుందని ఇదొక్కటి" అని బ్యాగ్‌లోంచి స్ట్రిప్ తీశారు. బయోటిన్ అనే బి విటమిన్, 10 మిల్లీగ్రాములు. మన ఒంటికి రోజుకి కావాల్సింది 30 మైక్రోగ్రాములే, అంటే ఒక్క ట్యాబ్లెట్‌లోనే 300 రెట్ల పైన!

చాలా టెస్ట్ కిట్లలో హార్మోన్‌ని పట్టుకునే యాంటీబాడీకి బయోటిన్ తోక తగిలించి ఉంటుంది, స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ పూసిన చిన్న చిన్న పూసలు ఆ తోకని పట్టుకుంటాయి. రక్తంలోనే బయోటిన్ నిండా ఉంటే బస్సులో సీట్లన్నిటికీ ముందే ఖర్చీఫులు వేసేసినట్టు పూసల మీద చోటంతా అదే ఆక్రమించేస్తుంది, దాంతో పూసల దగ్గర సిగ్నల్ పడిపోతుంది. టీఎస్‌హెచ్ టెస్ట్‌లో సిగ్నల్ తగ్గితే తక్కువ అని వస్తుంది, ఫ్రీ టీ4 టెస్ట్ దానికి రివర్స్, అక్కడ సిగ్నల్ తగ్గితే ఎక్కువ అని వస్తుంది. ఆ ట్యాబ్లెట్ మూడు రోజులు ఆపించి మళ్ళీ చేస్తే ఆవిడకి రెండూ నార్మల్. లేని జబ్బుకి మందులు మొదలయ్యేవి, తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. 2017లో అమెరికా ఎఫ్‌డీఏ కూడా బయోటిన్ వల్ల ల్యాబ్ టెస్టులు తప్పు వస్తాయని హెచ్చరించింది. అన్ని మెషీన్లలో ఈ సమస్య ఉండదు, అయినా జుట్టుకీ గోళ్ళకీ ఏది వాడుతున్నా శాంపిల్ తీసేవాళ్ళకి తప్పకుండా చెప్పండి.

అపోహ: టీఎస్‌హెచ్ 6 వచ్చింది, ఇక జీవితాంతం ట్యాబ్లెటే.
ఫ్రీ టీ4 నార్మల్‌గా ఉండి టీఎస్‌హెచ్ కొంచెమే పెరిగితే రెండు మూడు నెలలాగి మళ్ళీ చేయిస్తారు, చాలామందిలో దానంతటదే దిగిపోతుంది. పెద్ద వయసులో కొంచెం ఎక్కువ ఉండటం మామూలే. గర్భిణులు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళు మాత్రం ఆగకుండా వెంటనే డాక్టర్‌ని కలవాలి.

అపోహ: థైరాయిడ్ ఉంటే క్యాబేజీ ముట్టకూడదు.
వండుకుని మామూలుగా తినేదానికి ఏమీ కాదు. నాకు బెంగల్లా సైంధవ లవణం గురించే, ఆరోగ్యం అని అయోడైజ్డ్ ఉప్పు పూర్తిగా మానేసి అదే వాడుతున్నారు, థైరాయిడ్ హార్మోన్ తయారవడానికి కావాల్సిన అయోడిన్ అందులో మనకి సరిపడా ఉండదు.

అపోహ: నార్మల్ వచ్చేసింది కదా, ట్యాబ్లెట్ ఆపేయొచ్చు.
ట్యాబ్లెట్ వల్లే నార్మల్ వచ్చిందండీ! టీ4 హాఫ్ లైఫ్, అంటే ఒంట్లో అది సగానికి తగ్గడానికి పట్టే టైమ్, దాదాపు వారం, అందుకే ఆపిన నాలుగైదు రోజులకి ఏమీ తెలియదు, బానే ఉన్నాం అనిపిస్తుంది, తేడా మెల్లగా బయటపడుతుంది. డోస్ మార్చాక టెస్ట్‌కి ఆరు వారాలు ఆగమనేదీ ఇందుకే. గర్భం వస్తే అసలు ఆపకూడదు, మొదటి మూడు నెలలు బిడ్డ మెదడుకి అందేది తల్లి హార్మోనే, నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి, చాలామందికి డోస్ పెంచాల్సి వస్తుంది.