జంట జలాశయాల వివాదం: పెద్దషాపూర్ నుంచి చూస్తే

హైదరాబాద్ జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ ఆంక్షలు పెట్టిన ప్రభుత్వ ఉత్తర్వు జీవో 111 మళ్లీ వార్తల్లోకి ఎక్కినప్పుడల్లా 1908 నాటి మూసీ వరదతో కథ మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆ వరద, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తికావడం అందరికీ తెలిసినవే. ఆ ఉత్తర్వును ఉంచాలా, ఎత్తేయాలా అన్న ఇవాళ్టి తగవు అర్థం కావాలంటే మాత్రం, 1995లో శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఒక కంపెనీ కొన్న 12 ఎకరాల దగ్గరికి వెళ్లాలి.

ఆముదం నుంచి హైడ్రోజనేటెడ్ నూనె వంటి సరుకులు తీయడానికి అక్కడ ఫ్యాక్టరీ తలపెట్టారు. నూనెకు హైడ్రోజన్ పట్టించడానికి నికెల్ వాడతారు. పనైపోయిన ఆ నికెల్ వాగులో కలపదగ్గ వ్యర్థం కాదు. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111, జలాశయాలకు 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. ఏడాదిన్నర తిరగకముందే, 1997 జూలైలో, నిషేధం పెట్టిన ప్రభుత్వమే ఈ ఒక్క కంపెనీకి మినహాయింపు ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించినా, అప్పిలేట్ అథారిటీలోనూ హైకోర్టులోనూ కంపెనీయే నెగ్గింది. మండలి పట్టు వదలక సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హాని జరుగుతుందని మండలి రుజువు చేయనక్కరలేదని, జరగదని పరిశ్రమే రుజువు చేసుకోవాలని చెబుతూ 2000 డిసెంబర్ 1న న్యాయస్థానం ఆ మినహాయింపును తోసిపుచ్చింది. అంతవరకు సర్కారు తలచుకుంటే సడలించగల ఉత్తర్వుగా ఉన్న జీవో 111కు గట్టి పునాది పడింది ఆ రోజే.

2022 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 69 ఈ తీర్పు జోలికి పోకుండా లెక్కల దారి పట్టింది. నగర నీటి సరఫరాలో ఈ జలాశయాల వాటా 1.25 శాతం లోపే కాబట్టి ఆంక్షలు అక్కరలేదన్నది దాని వాదన. మరుసటి ఏడాది మే నెలలో మంత్రివర్గం జీవో 111ను పూర్తిగా ఎత్తివేయాలని నిర్ణయించింది. ఆ 10 కిలోమీటర్ల గీతకు లోపల భూమి ఉన్నంత మాత్రాన పక్క ఊరివాళ్లతో సమానంగా ధర పలకడం లేదన్న 84 గ్రామాల రైతుల బాధ అబద్ధమేమీ కాదు.

అయితే ఈ ఆనకట్టలు కట్టింది తాగునీటికి మాత్రమే కాదు, వరదను ఆపడానికి కూడా. 2025 సెప్టెంబర్ చివర గేట్లెత్తినప్పుడు మూసీ నీళ్లు ఎంజీబీఎస్ బస్‌స్టేషన్‌లోకి చేరాయి. ఆ నీటిని 1.25 శాతం లెక్క ఎక్కడా పట్టించుకోలేదు.