గట్టు దాటే ఉప్పు, గట్టు దగ్గర ఆగే లెక్క

పెట్టుబడిదారీ విధానం ఇంకెంతకాలం నిలుస్తుందన్న ప్రశ్నకు ఆర్థికవేత్త చెప్పే జవాబు వేరు, చరిత్రకారుడు చెప్పేది వేరు, జీవావరణ శాస్త్రవేత్త చెప్పేది ఇంకా వేరు. ఈ భేదం సిద్ధాంతాల తగవుగా కనిపిస్తుంది గాని, దాని మూలం చాలావరకు ఎవరు ఏ ఖర్చును లెక్కలో రాస్తారు, లెక్కను ఎక్కడ ఆపేస్తారు అన్న దానిలోనే ఉంది. గోదావరి డెల్టాలో ఒక రొయ్యల చెరువు గట్టున నిలబడితే ఇది పుస్తకాల కన్నా తేటగా తెలుస్తుంది.

ఆ చెరువులోని వనామీ రొయ్య పసిఫిక్ సముద్రానికి ఆవలి గట్టుది, అంటే లాటిన్ అమెరికా తీరాలది. మన దేశంలో దాని సాగుకు 2009లో అనుమతి వచ్చింది. అంతకుముందు పెంచిన టైగర్ రొయ్యను 1990ల నడుమ తెల్లమచ్చ వ్యాధి తుడిచిపెట్టింది. పాతదాన్ని కూలదోసి కొత్తదాన్ని నిలబెట్టడమే పెట్టుబడికి ప్రాణమని 1942లో ఆర్థికవేత్త జోసెఫ్ షుంపీటర్ వాదించాడు. వరి చేను టైగర్ చెరువై, టైగర్ చెరువు వనామీ చెరువైన తీరు ఆ వాదానికి సరిగ్గా సరిపోతుంది. ఆ విధానం చివరికి నిలవదనీ, వైఫల్యం వల్ల కాక తన విజయాల వల్లనే సడలిపోతుందనీ కూడా ఆయనే అన్నాడు. ఆయన్ను మెచ్చుకునేవారు ఈ సగాన్ని తరచు మరచిపోతారు.

భౌతిక శాస్త్రం చూపు ధర మీద కాక శక్తి మీద ఉంటుంది. చీకటి పడితే నీటిలోని నాచు ప్రాణవాయువును తయారుచేయడం ఆపుతుంది, రొయ్యలూ నాచూ సూక్ష్మజీవులూ మాత్రం దాన్ని వాడుకుంటూనే ఉంటాయి. అందువల్ల తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు అతి తక్కువ స్థాయికి పడిపోతుంది. నీటిలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిరిగేది అందుకే, కరెంటు పోతే రైతు పరుగున వెళ్లి జనరేటర్ వేసేదీ అందుకే. ఏ ఉత్పత్తి అయినా తిరిగి వాడుకోలేని రూపంలోకి శక్తిని మార్చక తప్పదనీ, అందువల్ల అంతులేని వృద్ధి అసాధ్యమనీ 1971లో ఆర్థికవేత్త నికొలస్ జార్జెస్కు-రోగెన్ వాదించాడు. చెరువు ఆదాయ వ్యయాల పట్టికలో కరెంటు బిల్లు కనిపిస్తుంది, కాలిపోయిన బొగ్గు తిరిగి రాదన్న సంగతి కనిపించదు.

చరిత్రకారుడు ఇంకాస్త వెనక్కి వెళ్తాడు. ఇక్కడి మిగులుకు పునాది మార్కెట్ వేయలేదు. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకు ఖర్చుపెట్టింది ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం. పెరిగిన శిస్తు రూపంలో ఆ ఖర్చును అది తిరిగి రాబట్టుకుంది. ప్రభుత్వం పక్కకు తప్పుకుంటే పెట్టుబడి స్వేచ్ఛగా పెరుగుతుందనే వాదన ఈ కాలువల మధ్య నాకు ఎప్పుడూ కాస్త విచిత్రంగానే వినిపిస్తుంది. నేల, శ్రమ, డబ్బు అమ్మకం కోసం తయారైన సరుకులు కావనీ, వాటిని సరుకులుగా నడిపినప్పుడల్లా సమాజం ఎదురుతిరుగుతుందనీ 1944లో ఆర్థిక చరిత్రకారుడు కార్ల్ పొలానీ చెప్పాడు. 2011 సార్వాలో (ఖరీఫ్‌లో) కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించడాన్ని ఆ మాట వెలుగులో చూడవచ్చు: సాగు ఖర్చుకు తగిన ధర రాదని తేల్చుకున్న చిన్న కమతాల వారు, కార్మికులు పని మానినట్టుగా, నాట్లు మానేశారు. అయితే అక్కడా ఒక చిక్కుంది. కౌలు ముందే ఒప్పుకున్న వాడికి విరామం లేదు. చేను పండినా ఎండినా బస్తాలు కొలవాల్సిందే.

అసలు చిక్కంతా మురుగు కాలువ దగ్గర ఉంది. చెరువులోని ఉప్పు ఊటగా పక్క వరి చేలోకి దిగుతుంది, ఆ నష్టం చెరువు లెక్కలోకి రాదు. పంట పట్టాక ఒకరు వదిలిన నీరు డ్రెయిన్‌లో కలిస్తే, దిగువనున్నవాడు అదే డ్రెయిన్ నుంచి నీరు తోడుకుంటాడు, దానితో పాటు వైరస్‌నూ తోడుకుంటాడు. ఎవరి లాభం వారు చూసుకున్నందువల్లనే అందరి చెరువులూ ఒకే వారంలో తెల్లబోతాయి. తీరప్రాంత రొయ్యల సాగుపై 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇచ్చింది, 2005లో ప్రత్యేక చట్టం వచ్చింది; కోర్టు బిగించిన తాడును ఆ చట్టం చాలావరకు సడలించిందనే నేననుకుంటాను. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ఎలినార్ ఆస్ట్రమ్ అటు ప్రభుత్వమూ ఇటు మార్కెట్టూ కాని మూడో దారి చూపించింది: ఉమ్మడి వనరును వాడుకునేవారే కూర్చుని నియమాలు పెట్టుకుని, తప్పినవారిని నిలదీసే చోట అది చాలాకాలం చెడకుండా నిలుస్తుందని ఆమె పరిశోధన. డెల్టాకు ఇది కొత్త కాదు. నీరు చాలని దాళ్వాలో (రబీలో) వంతులు కట్టుకుని చేలు తడుపుకుంటారు, 1997 చట్టంతో నీటి సంఘాలూ వచ్చాయి. అయితే కాలువ నీటికి కుదిరిన వంతు డ్రెయిన్ నీటికి కుదరడం కష్టం, ఎందుకంటే రొయ్య ధర నిర్ణయమయ్యేది ఊరి రచ్చబండ దగ్గర కాదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, రొయ్యకు ఏ జబ్బూ లేకుండానే ఇక్కడ కౌంటు ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న దాన్ని బట్టి కట్టే ధర) పడిపోయింది.

భూగర్భ శాస్త్రవేత్త లెక్క వీటన్నిటికన్నా పొడవైనది. ఈ నేల గోదావరి వేల ఏళ్ల పాటు తెచ్చి పోసిన ఒండ్రు. ఎగువ ఆనకట్టలు, జలాశయాలు ఇప్పుడు అందులో పెద్ద భాగాన్ని పట్టి ఉంచుతున్నాయి. ప్రపంచ సగటు సముద్రమట్టం 1901 నుంచి 2018 లోపు సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. రాని ఒండ్రుకు ధర కట్టే పద్దు చెరువు యజమాని పుస్తకంలోనూ లేదు, కౌలు కాగితంలోనూ లేదు, అప్పిచ్చే బ్యాంకు పత్రాల్లోనూ లేదు.