మధ్యయుగ ఇంగ్లండ్ వంశవృక్షాలు: పుట్టిన ఏడు, కన్నతల్లి - అపోహలు, వాస్తవాలు

బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు ప్రతి పారిష్‌లోనూ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) రాసిపెట్టాలని ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆదేశించింది 1538లో. అంతకుముందు మనిషికి తేదీతో సహా పుట్టినరోజు దొరికితే, ముందు అడగాల్సింది అది ఏ కాగితంలోంచి వచ్చిందని. సాధారణంగా అది భూమి కాగితమే. భూమి ఎవరికి చెందాలో తేల్చడానికి రాసినదాన్ని మనం జనన ధ్రువపత్రంలా చదవబోతే తప్పులు దొర్లుతాయి.

అపోహ: విచారణ పత్రంలో వయసు ఉంటే చాలు, లెక్కేస్తే పుట్టిన ఏడు వచ్చేస్తుంది.

రాజు నుంచి నేరుగా భూమి పొందినవాడు చనిపోతే, అతనికి భూములున్న ప్రతి కౌంటీలోనూ ఎస్కీటర్ అనే అధికారి స్థానికులను జ్యూరీగా కూర్చోబెట్టి వారసుడెవరు, వయసెంత అని విచారించేవాడు. వారసుడు మైనరైతే ఆ భూమి, బిడ్డ సంరక్షణ, పెళ్లి కుదిర్చే హక్కు రాజువి. మైనారిటీ తీరే వయసు మగపిల్లవాడికి 21, ఆడపిల్లకు పెళ్లయి ఉంటే 14, కాకపోతే 16. అది దాటిన వారసుడి అసలు వయసుతో ఎవరికీ పనిలేదు. అందుకే ‘30 ఏళ్లు, ఆపైన’ అని రాసి వదిలేసేవారు, మనం ‘అరవై పైబడ్డాయి’ అన్నట్టు. అది కనీస వయసు మాత్రమే. మైనర్ల వయసు మాత్రం కాస్త జాగ్రత్తగా చెప్పేవారు, ఎందుకంటే అక్కడ డబ్బు ముడిపడి ఉంది. ఒక్క కౌంటీ పత్రంతో ఆగకుండా అన్నీ తీయండి. అవి విభేదిస్తే కుటుంబం కాపురమున్న కౌంటీ జ్యూరీ మాటకే నేను బరువిస్తాను.

కవి ఛాసర్‌నే చూడండి. 1386 అక్టోబరులో స్క్రోప్-గ్రోవ్‌నర్ వ్యాజ్యంలో (ఒకే వంశచిహ్నం కోసం రెండు కుటుంబాల తగాదా) సాక్ష్యం చెప్పినప్పుడు అతని వయసు ‘40, ఆపైన’ అని, ఆయుధం పట్టి 27 ఏళ్లని రాసుకున్నారు. మొదటి అంకె చెప్పేది 1346 తర్వాత పుట్టలేదని, అంతే. రెండోది 1359 దగ్గరికి తీసుకెళ్తుంది. ఆ దండయాత్రలోనే అతను ఫ్రాన్స్‌లో పట్టుబడ్డాడు. 1360 మార్చిలో విడుదల సొమ్ముకు రాజు 16 పౌండ్లు ఇచ్చాడు. అంటే 27 నిలబడింది. గుండ్రటి 40 కంటే ఈ 27కే విలువెక్కువ. వంశవృక్షంలో ‘1340ల తొలినాళ్లు’ అని రాయండి. రెండు తేదీల సగటు తీసి మూడోది పుట్టించకండి.

అపోహ: వారసుడికి ఈడు వచ్చిందని 12 మంది ప్రమాణం చేసి చెప్పిన వయోనిరూపణ తప్పుకాదు.

‘అదే రోజు గుర్రం మీంచి పడి కాలు విరిగింది, అందుకే గుర్తుంది’ లాంటి మాటలు వేర్వేరు పత్రాల్లో అచ్చు అవే కనిపిస్తాయి. గుమస్తాల దగ్గర నమూనాలు ఉండేవి. ఆ కథలు వదిలేయండి. వారసుడికి ఈడు వచ్చిందన్న తీర్పు, బాప్తిస్మం జరిగిన చర్చి పేరు పనికొస్తాయి.

అపోహ: ఒక ఏడు తేడా వస్తే ఇద్దరు వేర్వేరు మనుషులు.

తరచు అది క్యాలెండర్ తేడా. అప్పట్లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, పత్రాల మీదేమో రాజు పాలనా సంవత్సరం ఉండేది. మూడో ఎడ్వర్డ్ 20వ ఏడు 1346 జనవరి 25న మొదలైంది. ఆ ఏటి ఫిబ్రవరి 10 పాత లెక్కలో 1345, మన లెక్కలో 1346. 1345/6 అని రాస్తే గొడవ ఉండదు.

అపోహ: 13 ఏళ్ల తల్లి అంటే రికార్డు తప్పు.

అప్పటి చర్చి చట్టం ప్రకారం పెళ్లీడు అమ్మాయికి 12, అబ్బాయికి 14. మార్గరెట్ బోఫోర్ట్ పుట్టింది మే 31న. ఏడు 1441 అని 17వ శతాబ్దంలో డగ్డేల్ అనే చరిత్రకారుడు విచారణ పత్రాలను బట్టి సూచించాడు, చాలామంది దాన్నే పట్టుకున్నారు. కానీ 1443 మేలో ఆమె తండ్రి యుద్ధానికి వెళ్లేముందు ఇంకా పుట్టని బిడ్డ సంరక్షణ గురించి రాజుతో ఒప్పందం మాట్లాడుకున్నాడు. ఇది 1443నే బలపరుస్తుంది. 1457 జనవరి 28న ఏడో హెన్రీని కన్నప్పుడు ఆమెకు 13 ఏళ్లే.

అపోహ: వారసుడి తల్లి ఎవరంటే, పత్రాల్లో పేరున్న భార్యే.

భార్యకు పుట్టింటి భూమి వచ్చి, వాళ్లకు ప్రాణంతో బిడ్డ పుడితే, ఆమె పోయాక కూడా భర్త ఆ భూమిని బతికినంత కాలం అనుభవించగలిగేవాడు. దీన్ని ‘కర్టెసీ’ అంటారు. అతను పోయాక జరిగే విచారణలో ఆ భూమికి ఆమె వారసుణ్ణీ, అతని సొంత భూమికి అతని వారసుణ్ణీ విడివిడిగా చెప్పేవారు. రెండు చోట్లా ఒకే పేరుంటే ఆ భార్యే తల్లి. తండ్రి భూమికి పెద్దవాడు జాన్, ఆమె భూమికి చిన్నవాడు థామస్ అని ఉంటే, జాన్ వేరే భార్య కొడుకు అయ్యుండాలి. అయితే ముందే ఫలానావాళ్లకే చెందాలని ఆ భూమి మీద కట్టుబాటు రాసి ఉందేమో చూసుకోవాలి. ఉంటే ఈ తర్కం పనిచేయదు.

ఇంకో గుర్తు: భూమి స్వాధీనంలో ఉండగా అన్న పిల్లలు లేకుండా పోయాడు, తమ్ముడు బతికుండగానే భూమి చెల్లెలికి వెళ్లింది. ఆ తమ్ముడు బహుశా సవతి తల్లి కొడుకు. అప్పటి ఇంగ్లండ్ చట్టంలో సగం రక్తానికి, అంటే తల్లి లేదా తండ్రి వేరైన తోబుట్టువుకు, వారసత్వం ఉండేది కాదు.

లాటిన్ ‘నెపోస్’ అంటే మనవడూ కావచ్చు, అన్న కొడుకూ కావచ్చు. ‘కాన్సాంగ్వినియస్’ (రక్తబంధువు) అని రాసిన వారసుడు చాలాసార్లు సొంత మనవడే. ఆ మాట ఒక్కదానితో తరం గీత గీయకండి. రుజువు లేకపోతే తల్లి గడి ఖాళీగానే ఉంచండి.